పసితనంలో వేసిన టీకా ఐదేళ్ళ బిడ్డను ఇంకా కాపాడుతోందా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. బాబుకు ఐదేళ్ళు నిండాయి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి ఇచ్చే) టీకా మూడు డోసులు, ఏడాదిన్నరకు డీపీటీ (కంఠసర్పి అనే డిఫ్తీరియా, కోరింత దగ్గు, ధనుర్వాతం మూడింటికీ ఇచ్చే టీకా) బూస్టరు వేయించారు. ఇప్పుడు ఏఎన్ఎం వచ్చి ఇంకో డీపీటీ బాకీ ఉందంటున్నారు. ఇంట్లో పెద్దవాళ్ళేమో పసితనంలో వేసినవి చాలవా, తట్టు టీకా జీవితాంతం పనిచేయడం లేదా అంటున్నారు. సందేహం తీరక మీరు ల్యాబులో రక్తపరీక్ష చేయిస్తే, కంఠసర్పి యాంటీబాడీలు మిల్లీలీటరుకు 0.06 యూనిట్లు ఉన్నాయనీ, రక్షణ ఉన్నట్టేననీ రిపోర్టు వచ్చింది. రక్షణ ఉన్న పిల్లవాడికి మళ్ళీ సూది పొడిపించడం ఎందుకని అడుగుతున్నారు.

వేయించండి. ఈ మాట ముందే చెప్పేసి, ఎందుకో తర్వాత వివరంగా రాస్తున్నాను. మీ ఇంట్లో వచ్చిన వాదన తీసిపారేయదగినది కాదు. తెలిసినవాళ్ళు కూడా పొరపడే చోటే మీరూ ఆగారు.

ముందుగా ఆ 0.06 సంగతి. కంఠసర్పికి 0.01 యూనిట్ల కంటే తక్కువ ఉంటే రక్షణ లేనట్టు, 0.1 దాటితే పూర్తి రక్షణ ఉన్నట్టు లెక్కిస్తారు. మీ అబ్బాయి అంకె ఈ రెంటికీ మధ్య ఉంది. ల్యాబువాళ్ళు రాసింది అబద్ధం కాదు, కానీ ఆ అంకె ఒక్కచోట నిలబడి ఉండేది కాదు. టీకా వేసిన కొద్ది వారాలకు యాంటీబాడీలు శిఖరానికి చేరతాయి. మొదటి కొన్ని నెలల్లో వేగంగానూ, ఆ తర్వాత నిదానంగానూ తరుగుతూ వస్తాయి. మీ రిపోర్టులో ఉన్నది ఆ దిగుడుమెట్లలో ఒక మెట్టు. రెండేళ్ళ తర్వాత బాబు ఏ మెట్టు మీద ఉంటాడో ఆ కాగితం చెప్పలేదు.

యాంటీబాడీలు తగ్గితే తగ్గనీ, ఒకసారి సూక్ష్మజీవిని పరిచయం చేసుకున్న శరీరం దాన్ని మరిచిపోదు కదా అని మీరు అడగవచ్చు. నిజమే. టీకా శరీరంలో రెండు ఆస్తులు మిగులుస్తుంది. మొదటిది రక్తంలో తిరుగుతూ ఉండే యాంటీబాడీలు, వాటిని మూలుగలో కూర్చుని తయారుచేసే కణాలు. రెండోది జ్ఞాపక కణాలు. మొదటిది చేతిలో ఉన్న రొక్కం, రెండోది బ్యాంకులో ఉన్న డిపాజిట్ అనుకోండి. బ్యాంకులో ఎంత ఉన్నా, ఆదివారం రాత్రి అవసరం పడితే అక్కరకు వచ్చేది జేబులో ఉన్నదే. జ్ఞాపక కణం శత్రువును గుర్తుపట్టి, విభజన చెంది, చాలినన్ని యాంటీబాడీలను రక్తంలోకి పంపడానికి సుమారు నాలుగు నుంచి ఏడు రోజులు పడుతుంది. అందువల్ల జ్ఞాపకం ఒక్కటే బిడ్డను కాపాడుతుందా లేదా అన్నది ఎదుటి సూక్ష్మజీవి ఎంత వ్యవధి ఇస్తుందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

హెపటైటిస్ బి వైరస్ ఒంట్లో చేరాక జబ్బు బయటపడడానికి ఆరు వారాల నుంచి ఆరు నెలల దాకా పడుతుంది. అంత తీరిక ఉంటే జ్ఞాపక కణాలు హాయిగా లేచి పని ముగిస్తాయి. అందుకే పసితనంలో హెపటైటిస్ బి టీకా సరిగ్గా పడిన ఆరోగ్యవంతుడికి, తర్వాత రక్తపరీక్షలో యాంటీబాడీలు కనిపించకపోయినా, సాధారణంగా బూస్టరు అవసరం లేదంటాం. తట్టుకు కూడా పది రోజులకు పైగా వ్యవధి ఉంటుంది. పైగా ఆ టీకాలో ఉన్నది బలహీనపరచిన సజీవ వైరస్ కాబట్టి అది శరీరంలో పెరిగి, అసలు జబ్బు ఇచ్చే పాఠానికి దగ్గరి పాఠం చెబుతుంది. మీ పెద్దవాళ్ళ మాట అక్కడ చెల్లుతుంది. బాక్టీరియా దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. కంఠసర్పి సాధారణంగా రెండు నుంచి ఐదు రోజుల్లో బయటపడుతుంది. మెదడు పొరలకు వాపు తెచ్చే మెనింజోకాకస్ అయితే గొంతు నుంచి రక్తంలోకి దిగాక, ఒక్కోసారి, జ్వరం మొదలైన ఇరవై నాలుగు గంటల్లోపే ప్రాణం మీదికి తెస్తుంది. జ్ఞాపక కణాలు లేచి కళ్ళు నులుముకునే లోపే కథ ముగుస్తుంది.

ఇది పుస్తకంలో ఊహించి రాసిన సంగతి కాదు. బ్రిటన్ రెండుసార్లు అనుభవించి నేర్చుకున్నది. ఆ రెండు ఉదంతాలూ కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే మనం వేసుకునే బూస్టర్ల వెనక ఉన్న తర్కం అక్కడ స్పష్టంగా కనబడుతుంది.

మొదటిది హిబ్. పేరు హిమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా టైప్ బి అయినా దీనికీ ఫ్లూ జ్వరానికీ సంబంధం లేదు. పసిపిల్లల్లో మెదడు పొరలకు వాపు, న్యుమోనియా తెచ్చే బాక్టీరియా ఇది. మన పెంటావాలెంట్ టీకాలోని ఐదింటిలో ఒకటి దీనికోసమే. బ్రిటన్ 1992 అక్టోబరులో ఈ టీకాను రెండు, మూడు, నాలుగు నెలల పిల్లలకు మొదలుపెట్టింది. ఏడాది తర్వాత బూస్టరు పెట్టలేదు. కానీ అప్పటికే ఏడాది దాటి నాలుగేళ్ళలోపు ఉన్న పిల్లలకు కూడా ఒక విడతగా టీకా వేశారు. కేసులు ఒక్కసారిగా పడిపోయాయి. బూస్టరు అక్కర్లేదన్న నమ్మకం బలపడింది. 1999 నుంచి కేసులు మళ్ళీ మెల్లగా పెరగడం మొదలైంది, అదీ టీకా పూర్తిగా పడిన పిల్లల్లో. వెతికితే కారణాలు ఒకదానిలో ఒకటి ముడిపడి కనిపించాయి. పసితనంలో మూడు డోసులే పడిన పిల్లల్లో యాంటీబాడీలు ఏడాది రెండేళ్ళకే పలచబడ్డాయి. మొదట్లో విడతగా వేసినప్పుడు కాస్త పెద్ద వయసులో టీకా పొంది, గట్టి రక్షణతో సూక్ష్మజీవిని గొంతుల్లో నిలవనివ్వని పిల్లలు ఎదిగి ఆ వయసు దాటిపోయారు. మధ్యలో కొంతకాలం హిబ్‌ను వేరే రకం కోరింత దగ్గు టీకాతో కలిపి వాడవలసి వచ్చింది, ఆ కలయికలో హిబ్ భాగం తక్కువగా పనిచేసింది. 2003లో ఆరు నెలల నుంచి నాలుగేళ్ళ దాకా ఉన్న పిల్లలందరికీ అదనపు డోసు వేసి, 2006లో ఏడాది వయసు బూస్టరును పట్టికలో చేర్చారు. మొదటి నుంచీ ఏడాది దాటాక బూస్టరు ఇస్తూ వచ్చిన అమెరికాలో ఇలాంటి పెరుగుదల రాలేదు.

ఇందులో నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసిన సంగతి ఒకటుంది. టీకా పడినా హిబ్ జబ్బు వచ్చిన ఆ పిల్లల రక్తాన్ని కోలుకున్న తర్వాత పరీక్షిస్తే, వారిలో చాలామందిలో జ్ఞాపకం పదిలంగానే ఉందని తేలింది. జబ్బు తర్వాత యాంటీబాడీలు పొంగిపొర్లాయి. అంటే వారి శరీరం పాఠం మరిచిపోలేదు. గుర్తుచేసుకునేలోపు ఆలస్యమైంది, అంతే.

రెండోది మెనింజోకాకస్ సి. 1999 నవంబరులో దీని కాంజుగేట్ టీకాను (ఆ మాటకు అర్థం కింద చెబుతాను) దేశవ్యాప్తంగా మొదలుపెట్టిన తొలి దేశం బ్రిటన్. పసిపిల్లలకు రెండు, మూడు, నాలుగు నెలల్లో ఇచ్చి, పద్దెనిమిదేళ్ళ లోపు వారందరికీ విడతగా వేశారు. కొన్నేళ్ళ తర్వాత లెక్క చూస్తే, పసితనంలోనే మూడు డోసులూ తీసుకున్న పిల్లల్లో మొదటి ఏడాది రక్షణ తొంభై శాతం పైన ఉంది. ఏడాది గడిచాక వారిలో టీకా వల్ల రక్షణ ఉన్నట్టే లెక్కకు అందలేదు. మరి దేశంలో జబ్బు తిరగబెట్టిందా అంటే, లేదు. ఎందుకంటే ఈ సూక్ష్మజీవిని గొంతులో మోస్తూ తిరిగేవారిలో ముఖ్యులు యువతీయువకులు. వారికి టీకా పడ్డాక గొంతులో దాన్ని మోసేవారి సంఖ్య ఏడాదిలోనే సుమారు మూడింట రెండు వంతులు తగ్గింది. పసిపిల్లల రక్తంలో యాంటీబాడీలు తరిగిపోయినా, వారి దాకా సూక్ష్మజీవిని తెచ్చేవారే లేకపోయారు. ఇది గ్రహించి 2006లో ఏడాది వయసు డోసు, 2013లో కౌమారంలో ఒక డోసు చేర్చారు. 2016లో పసితనపు డోసునే తీసేశారు. పసిబిడ్డను కాపాడడానికి పదిహేనేళ్ళ అన్నకు సూది వేయడం వింతగా తోచవచ్చు గానీ, లెక్క అక్కడే సరిపోయింది.

ఇక్కడ సహజంగా వచ్చే ప్రశ్న, పసితనంలో వేసినది అంత త్వరగా ఎందుకు తరిగిపోతుందన్నది. హిబ్, మెనింజోకాకస్, న్యుమోకాకస్ లాంటి బాక్టీరియాలు ఒంటి చుట్టూ చక్కెర గొలుసుల పొరను కప్పుకుని ఉంటాయి. రెండేళ్ళు నిండని బిడ్డ శరీరానికి ఆ చక్కెరను మాత్రమే చూపిస్తే దాదాపు పట్టించుకోదు; ప్లీహంలో ఆ పని చేసే భాగం అప్పటికి ఇంకా ఎదిగి ఉండదు. అందుకని ఆ చక్కెరను ధనుర్వాతపు టాక్సాయిడ్ (నిర్వీర్యం చేసిన విషం) లాంటి ఒక ప్రొటీన్‌కు అతికించి ఇస్తారు. కాంజుగేట్ టీకా అంటే ఇదే. పిల్లలకు చేదుమాత్రను బెల్లంలో పెట్టి మింగిస్తాం. ఇక్కడ వ్యవహారం తిరగబడి, చక్కెరను ప్రొటీన్‌లో పెట్టి ఇవ్వవలసి వచ్చింది. ఇలా ఇచ్చినా రెండు మూడు నెలల బిడ్డ మూలుగలో యాంటీబాడీ తయారీ కణాలకు ఏళ్ళ తరబడి ఆశ్రయమిచ్చే చోటు ఇంకా సరిగ్గా ఏర్పడి ఉండదు. తల్లి నుంచి సంక్రమించిన యాంటీబాడీలు కూడా కొన్ని టీకాల పనికి అడ్డుపడతాయి. డోసుల మధ్య నాలుగు వారాలే ఎడం ఉండడం ఇంకో లోపం. ఎడం పెరిగేకొద్దీ స్పందన గట్టిపడుతుంది.

అలాంటప్పుడు ఆరు వారాలకే ఎందుకు మొదలుపెడతారని మీరు తప్పకుండా అడుగుతారు. కోరింత దగ్గు ప్రాణాలు తీసేది ఎక్కువగా మొదటి కొన్ని నెలల్లోనే. మన లాంటి దేశాల్లో హిబ్ కూడా ఏడాదిలోపు పిల్లలనే ఎక్కువగా పట్టుకుంటుంది. రోగనిరోధక శాస్త్రం కోరే అనువైన వయసు కోసం ఆగితే, కాపాడవలసిన బిడ్డలు ఆలోగా పోతారు. మన పట్టిక తొందరగా రక్షణ ఇవ్వడానికి గీసినది. దీర్ఘకాలం నిలబెట్టే బాధ్యతను బూస్టర్లకు అప్పగించింది. పునాది వేసి గోడలు మానేసి, ఇల్లు కురుస్తోందని మేస్త్రీని అనడం న్యాయం కాదు. న్యుమోకాకస్ టీకాను మన దేశంలో ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు వేసి, మూడోదాన్ని తొమ్మిది నెలల దాకా ఆపి వేయడం వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే.

హిబ్‌కు మాత్రం మన ప్రభుత్వ పట్టికలో విడిగా బూస్టరు లేదు. ప్రైవేటు క్లినిక్కుల్లో ఏడాదిన్నరకు పెంటావాలెంట్ గానీ హెక్సావాలెంట్ గానీ వేసినప్పుడు అది కలిసి వస్తుంది. మీ బాబుకు అప్పుడు డీపీటీ ఒక్కటే పడిందని ఇప్పుడు దిగులు పడనక్కర్లేదు. ఐదేళ్ళు దాటిన ఆరోగ్యవంతుడైన బిడ్డకు హిబ్ టీకా అవసరం ఉండదు.

ఇక మీ ప్రశ్నకు అసలు కేంద్రమైన కంఠసర్పికి వస్తాను. నేను పీజీ చదివే రోజుల్లో, ఒక రాత్రి డ్యూటీలో ఎనిమిదేళ్ళ అమ్మాయిని తీసుకొచ్చారు. జ్వరం పెద్దగా లేదు. మెడ రెండు వైపులా ఉబ్బి, గడ్డానికీ మెడకీ తేడా తెలియడం లేదు. నోరు తెరిపించి టార్చి వేసి చూస్తే, టాన్సిళ్ళ మీద మొదలై కొండనాలుక దాకా పాకిన బూడిదరంగు పొర, తడిసిన తోలుముక్కలా అతుక్కుని ఉంది. దూది పుల్లతో అంచు కదిపితే కింద నుంచి రక్తం చెమ్మగిల్లింది. తండ్రి జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన టీకా కార్డు తీసి ఇచ్చాడు. పసుపు మరకలు పడిన ఆ కార్డులో పై వరుసలో మూడు గళ్ళకు మూడు తేదీలు ముత్యాల్లా రాసి ఉన్నాయి. ఆ కింద ఏడాదిన్నర గడి ఖాళీ, ఐదేళ్ళ గడి ఖాళీ. "అన్నీ వేయించాం సార్" అన్నాడాయన, నిజంగానే అలా నమ్మి. యాంటీ టాక్సిన్ సీరం ఎక్కించాక గొంతు నాలుగు రోజుల్లో తేటపడింది గానీ, రెండో వారంలో ఆ విషం గుండె మీద పనిచేసి నాడి తడబడింది. బతికింది. చాలా రోజులు మంచం దిగనివ్వలేదు.

కంఠసర్పి పాతకాలపు జబ్బనుకునేవారు హైదరాబాదు నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రిని తలుచుకుంటే చాలు. దశాబ్దాలుగా ఆ రోగులు వెళ్ళే చోటు అది. 2016లో కేరళలోని మలప్పురంలో జబ్బు రేగినప్పుడు పట్టుబడినవారిలో బడి వయసు దాటబోతున్న పిల్లలు, అంతకంటే పెద్దవారు ఎక్కువ. 1990లలో సోవియట్ యూనియన్ చెదిరిన తర్వాత ఆ దేశాల్లో లక్షన్నరకు పైగా కేసులు వచ్చాయి, వారిలో పెద్దవారు చాలామంది. టీకా లేని కాలంలో కంఠసర్పి పసిపిల్లల జబ్బు. పసితనంలో టీకా వేసి బూస్టర్లు వదిలేసిన చోట అది పెద్ద పిల్లల మీదికి, పెద్దవారి మీదికి జరుగుతుంది. పూర్వం ఊళ్ళో సూక్ష్మజీవి తిరుగుతూ, గొంతులోనో చర్మం మీది పుండులోనో తగిలి, తెలియకుండానే బూస్టరు పని చేసిపెట్టేది. అది అరుదైపోయాక ఆ పని సూదే చేయాలి.

డీపీటీలో ఉన్న ధనుర్వాతానికి ఇంకో ప్రత్యేకత ఉంది. ఆ సూక్ష్మజీవి మట్టిలో ఉంటుంది, మనిషి నుంచి మనిషికి అంటదు. కాబట్టి వీధిలో అందరూ టీకా వేయించుకున్నా మీ బాబుకు ఒరిగేది లేదు; వాడి రక్తంలో ఉన్నదే వాడికి రక్ష. జబ్బు వచ్చి తగ్గినవారికి కూడా దాని మీద రోగనిరోధక శక్తి రాదు, ఎందుకంటే ప్రాణం తీసే విషం మోతాదు శరీరం గుర్తుపట్టడానికి కావలసిన మోతాదు కంటే తక్కువ.

కోరింత దగ్గు విషయంలో ఒక చిన్న పితూరీ కూడా పెట్టుకోనివ్వండి. నొప్పి లేని ఇంజక్షన్ కావాలని అడిగే తల్లిదండ్రులు నా దగ్గరికి రోజూ వస్తారు. ఆ టీకాలో ఉండేది పూర్తి సూక్ష్మజీవి కాదు, దాని నుంచి తీసిన కొన్ని ప్రొటీన్లు. జ్వరం, వాపు తక్కువ, నిజమే. రక్షణ కూడా త్వరగా తరుగుతుంది. కాలిఫోర్నియాలో 2010లో కోరింత దగ్గు ప్రబలినప్పుడు గమనిస్తే, ఈ రకం టీకా ఐదో డోసు తర్వాత గడిచిన ప్రతి ఏడాదికీ జబ్బు సోకే అవకాశం సగటున 42 శాతం చొప్పున పెరుగుతూ పోయింది. ప్రభుత్వ కేంద్రంలో ఉచితంగా వేసే, తొడ వాచేలా చేసే పాత రకమే ఈ ఒక్క విషయంలో మెరుగన్నది నా అభిప్రాయం. ఖరీదును బట్టి టీకా గొప్పతనాన్ని కొలవకండి.

మీరు చివర్లో టైఫాయిడ్ టీకా గురించి కూడా అడిగారు. హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారుచేసిన టైఫాయిడ్ కాంజుగేట్ టీకాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 డిసెంబరులో ఆమోదం తెలిపింది. ఆరు నెలలు నిండిన పిల్లల నుంచి వేయవచ్చు. ఆఫ్రికాలోని మలావీలో తొమ్మిది నెలల నుంచి పన్నెండేళ్ళ పిల్లల మీద చేసిన అధ్యయనంలో నాలుగేళ్ళకు పైగా గడిచాక కూడా రక్షణ 78 శాతం ఉంది. బంగ్లాదేశ్‌లో మాత్రం, మూడేళ్ళు దాటాక రక్షణ బాగా తగ్గింది. ముఖ్యంగా రెండేళ్ళలోపే టీకా పడిన పిల్లల్లో. మళ్ళీ అదే కథ, బడిలో చేరే వయసులో బూస్టరు కావాలన్న ఆలోచన అక్కడి నుంచి బలపడింది. మీ బాబుకు తొమ్మిది నెలలప్పుడు వేసి ఉంటే, మీ పిల్లల డాక్టరుతో ఈ మాట ఎత్తడం మంచిది.

రక్తపరీక్ష మళ్ళీ చేయించకండి. మూలుగలోని కణాలు ఎన్నాళ్ళు నిలుస్తాయో అది చూపదు. అంకె ఎంత వచ్చినా మన నిర్ణయం మారదు. ఆ డబ్బుతో బాబుకు బడి బూట్లు వస్తాయి. మీరు ఇచ్చిన వివరాల ప్రకారం ఇప్పుడు పడవలసినది డీపీటీ రెండో బూస్టరు. ఐదు, ఆరేళ్ళ మధ్య వేస్తారు. ఏ కారణం వల్లనైనా ఆలస్యమైతే ఏడేళ్ళు నిండే దాకా డీపీటీ ఇవ్వవచ్చు, ఆ పైన టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి రెండింటికే ఇచ్చే టీకా) ఇస్తారు. పదేళ్ళకు, పదహారేళ్ళకు కూడా టీడీ ఉంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. మధ్యలో ఎంత ఎడం వచ్చినా మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు, ఆగిన చోటి నుంచి కొనసాగిస్తే చాలు.

ఈసారి సూది తొడకు కాదు, ఎడమ భుజానికి వేస్తారు. ఆ సాయంత్రం చెయ్యి వాచి ఎర్రబడడం, కాస్త జ్వరం రావడం మామూలే. బరువుకు తగ్గ మోతాదులో పారాసిటమాల్ సరిపోతుంది, రుద్దడాలూ కాపడాలూ వద్దు. మునుపటి డోసు తర్వాత ఫిట్స్ రావడం, ఒళ్ళంతా వాలిపోవడం లాంటివి జరిగి ఉంటే మాత్రం సూదికి ముందే ఏఎన్ఎం గారికి చెప్పండి. వేయించాక కార్డులో ఐదేళ్ళ గడిలో తేదీ రాయించి, దాన్ని ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి.